చిన్న హాల్లో సంగీత నాటకం, లైటింగ్‌కు సలహా కావాలి

నమస్తే అన్నలూ, అక్కలూ. హన్మకొండలో మేం పన్నెండు మందిమి కలిసి సమ్మక్క సారలమ్మ కథను సంగీత నాటకంగా వేస్తున్నాం. పాటలన్నీ డప్పు, డోలు మీదే. దొరికిన హాలు చిన్నది: స్టేజీ వెడల్పు 20 అడుగులు, లోతు 14, పైకప్పు 11 అడుగులే. లైటింగ్ నా నెత్తిన పడింది. పెళ్లిళ్లకు సీరియల్ బల్బులు కట్టానే తప్ప నాటకానికి ఎప్పుడూ చేయలేదు.

ఉన్నవి ఎనిమిది ఎల్‌ఈడీ పార్ లైట్లు (రంగులు మార్చే స్టేజీ లైట్లు), రెండు పాత 1000 వాట్ల హాలోజన్లు, లైట్ల వెలుగు, రంగు మార్చే చిన్న డీఎంఎక్స్ బోర్డు. 15 ఆంప్స్ సాకెట్ ఒక్కటే పనిచేస్తోంది. లెక్క ప్రకారం 3,400 వాట్ల దాకా మోయాలి, కానీ ఆ వైరింగ్ చూస్తే ధైర్యం చాలట్లేదు.

అసలు తలనొప్పి జంపన్న వాగు ఘట్టం. సమ్మక్క కొడుకు జంపన్న సంపెంగ వాగులో దూకి ప్రాణం విడుస్తాడు, నీళ్లు ఎర్రబడతాయి. నీలం నుంచి మెల్లగా ఎరుపుకు మారుద్దామనుకున్నా. నిన్న రిహార్సల్లో నీలం వేయగానే సమ్మక్క ముఖానికి రాసిన పసుపు మసి పూసినట్టు కనిపించింది. ఎరుపు వేస్తే ఆకుపచ్చ చీర నల్లబడింది. పైగా లైట్లు కిందికి ఉండటంతో డప్పు వాళ్ల నీడలు వెనక తెర మీద రాక్షసుల్లా ఆడాయి. (మా అమ్మకు అవే నచ్చాయట!)

ముఖాలకు పక్కల నుంచి వార్మ్ వైట్ వేసి, రంగులు వెనక నుంచి మాత్రమే వేస్తే సరిపోతుందా? ఎల్‌ఈడీ డిమ్ చేస్తుంటే చివర్లో టక్కున ఆరిపోతోంది, ఏమైనా ఉపాయం ఉందా? వరంగల్‌లో ప్రొఫైల్ స్పాట్ (ఒకే చోట స్పష్టమైన అంచుతో వెలుగు వేసే లైటు) రోజు అద్దెకు ఎక్కడ దొరుకుతుంది? షో వచ్చే ఆదివారమే, టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.