రవాణా రంగంలో మహిళలు: హైదరాబాద్‌తో ముడిపడినవారు ఎవరు?

ప్రశ్న (తార్నాక): కళాశాల పత్రికకు వ్యాసం రాస్తున్నాను. మహిళా ప్రయాణికుల గురించి సమాచారం దొరుకుతోంది గాని, వాహనాన్ని స్వయంగా నడిపినవారిలో మన నగరంతో సంబంధమున్నవారు ఎవరు?

జవాబు (బేగంపేట): ప్రేమ్ మాథుర్‌తో మొదలుపెట్టండి. 1947లో వాణిజ్య పైలట్ లైసెన్సు పొందిన ఆమెను, మహిళ అన్న కారణంతో ఇతర విమాన సంస్థలు కాదన్నాక, హైదరాబాద్ కేంద్రంగా నడిచిన డెక్కన్ ఎయిర్‌వేస్ కో-పైలట్‌గా చేర్చుకుంది. అయితే తగిన అనుభవం వచ్చినా కెప్టెన్ బాధ్యత అప్పగించలేదు. నగరాన్ని పొగిడేటప్పుడు ఈ సంగతి దాచవద్దు.

జవాబు (ఎల్బీనగర్): ఆకాశం సరే, రోడ్డు సంగతో? మన రాష్ట్రానికి చెందిన వి. సరిత 2015లో ఢిల్లీ రవాణా సంస్థలో తొలి మహిళా బస్సు డ్రైవరుగా చేరి, 2025లో తెలంగాణ ఆర్టీసీకి వచ్చారు.

జవాబు (మియాపూర్): మెట్రో రైళ్లు నడుపుతున్న యువతులనూ చేర్చండి.