శ్రీశైలం రోడ్డు మీద, నల్లమల నడుమ విశ్రాంతి స్థలం కట్టొచ్చా?

దారి_పిచ్చోడు: మన్ననూరు చెక్‌పోస్టు దాటాక దోమలపెంట దాకా యాభై కిలోమీటర్ల పైమాటే అడవి. వటవర్లపల్లి దగ్గర ఓ చిన్న విశ్రాంతి స్థలం కడితే తప్పేంటి? ఒక్క చెట్టూ కొట్టొద్దు. సోలార్ దీపాలు, మరుగుదొడ్ల నీళ్ళు తుంగ పెంచిన గుంటల్లో వడకట్టి మొక్కలకే వదలడం. అంతే.

నల్లమల_కాలిబాట: వద్దు. అది అమ్రాబాద్ టైగర్ రిజర్వు. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లే ఆపేస్తున్నారు, ఎందుకు? సోలార్‌దైతే అది వెలుతురు కాకుండా పోతుందా? ఇక కోతులు. కారులోంచి అరటిపండు విసురుతారు, దానికోసం ఉరికి వెనక బండి కింద పడతాయి. ఆగే చోటు కట్టడమంటే తిండి పారేసే చోటు కట్టడమే. కట్టేదేదో మన్ననూరు ఇవతల కట్టండి.

బ్యాటరీ_బాబాయ్: వానాకాలం ఆ దీపాలు సరిగ్గా వెలగవు.

కల్వకుర్తి_కోడలు: అన్నా, మా అత్తమ్మకు షుగర్. గంటకోపారి దిగాలె. పోయిన శివరాత్రికి చెట్టుచాటుకు తీస్కపోయి, నేను చీర అడ్డం పట్టుకొని నిలబడ్డ. అప్పుడే ఒకాయన వచ్చి అడవిల దిగొద్దని గదమాయించిండు.

నల్లమల_కాలిబాట: మీ కష్టం కాదనను అక్కా. మన్ననూరులో ఒకసారి, దోమలపెంటలో ఒకసారి దిగితే సరిపోదా?

కల్వకుర్తి_కోడలు: నీకు షుగర్ వచ్చినంక చెప్పు.

దారి_పిచ్చోడు: మధ్యప్రదేశ్-మహారాష్ట్ర సరిహద్దులో, పెంచ్ పులుల అడవిలో 44వ జాతీయ రహదారిని నాలుగు వరుసలు చేశారు, కింద జంతువులకు దారులు వదిలారు. అక్కడ కుదిరింది ఇక్కడ కుదరదా?

నల్లమల_కాలిబాట: అక్కడ కట్టింది జంతువు దాటడానికి. మీరడిగేది మనిషి ఆగడానికి. రెండూ ఒకటెలా అవుతాయి?

బ్యాటరీ_బాబాయ్: దీపాల సంగతి ఎవరూ చెప్పలేదు.

మన్ననూరు_చాయ్: ఇవతల కట్టమన్నాయనకు దండం. టెండర్ పిలుస్తరు, పట్నం కంపెనీ వస్తది, మా బండ్లు లేపుతరు. 12 ఏండ్ల సంది ఈడనే పొయ్యి పెట్టుకున్నం.

దారి_పిచ్చోడు: ఓహో, పులి పేరు చెప్పి చాయ్ బండి కాపాడుకోవడమన్నమాట!

మన్ననూరు_చాయ్: పులి పేరు నేనెప్పుడెత్తిన? పైనుంచి మల్ల సదువు.

తేనెపట్టు: మేం చెంచులం. మా ఊళ్ళు కోర్ ఏరియాల, అంటే పులులకు వదిలిన నడిమి అడవిల ఉన్నయని, పునరావాసం ఇస్తం బయటికి రాండ్రి అంటున్నరు. అదే ఊరి పక్కన కారోళ్ళకు మరుగుదొడ్డి కడదామని మీరు. మా ఇండ్లల్ల ఉన్నదా అని ఒక్కరన్న అడిగిండ్రా?

దారి_పిచ్చోడు: అది వేరే విషయం బ్రదర్.

తేనెపట్టు: ఎట్ల వేరే? తుంగ గుంట సరే, అందులకు నీళ్ళేడికెల్లి తెస్తవు? ఊరి బోరుకెల్లేనా? ఎండకాలం మా బిందెలు నిండనే నిండవు.

నల్లమల_కాలిబాట: నీళ్ళ గురించి నేనూ ఆలోచించలేదు. ఊళ్ళు ఖాళీ చేయించడం మీద మాత్రం నా మాట మీకు నచ్చదు. కోర్‌లో మనుషులు తగ్గాలనే అంటాను.

తేనెపట్టు: తగ్గాల్సింది మేమా, కార్లా? గది చెప్పు ముందు.

కల్వకుర్తి_కోడలు: మీరు తేల్చుకునేలోపు ఉగాది వస్తది. అత్తమ్మ మల్ల పోదామంటున్నది. చీర సంచిల పెట్టిన.