సీడీ డ్రైవు లేని ల్యాప్‌టాప్‌ల విండోస్ 7 వేస్తుంటే సీడీ డ్రైవరు అడుగుతుంది, ఏం జేయాలె?

కల్వకుర్తి_డీటీపీ:

అన్నలకు నమస్తే. కల్వకుర్తిల మాది జిరాక్స్, డీటీపీ షాపు. శుభలేఖలు, దశదినకర్మ కార్డులు, వడ్ల కాంటా రసీదు బుక్కులు, అన్నీ పేజీలు తయారుచేసే పేజ్‌మేకర్ 7 సాఫ్ట్‌వేర్‌లనే, 'అను' తెలుగు ఫాంట్లతోని. పాత డెస్క్‌టాప్ విండోస్ 7 మీద నడుస్తది గానీ, ఎండ ముదిరితే మధ్యాహ్నానికల్లా దానంతట అదే బంద్ అయితది. అందుకే సికింద్రాబాద్‌ల ఒక సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ తెచ్చిన. ఆరో తరం ఇంటెల్ ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్ఎస్‌డీ. లోపల ఏ విండోసూ లేదు. సీడీ డ్రైవు లేదు, అది పెట్టేటందుకు జాగ గూడ లేదు.

నా దగ్గర విండోస్ 7 డీవీడీ ఉంది. డెస్క్‌టాప్‌ల దాన్ని ఐఎస్ఓ ఫైలు (డీవీడీ మొత్తానికి నకలు) చేసి, రూఫస్ అనే సాఫ్ట్‌వేర్‌తోని విండోస్ వేసే పెన్‌డ్రైవ్ తయారు చేసిన. ఎఫ్12 కొడితే పెన్‌డ్రైవ్ కనపడ్తుంది. విండోస్ గుర్తు వస్తుంది, భాష అడుగుతుంది, అంతా మంచిగనే ఉంది. 'ఇన్‌స్టాల్ నౌ' నొక్కంగనే సీడీ/డీవీడీ డ్రైవు డ్రైవరు లేదు, ఫ్లాపీలనో సీడీలనో ఉంటే పెట్టు అంటుంది. సీడీ డ్రైవే లేని మిషన్‌కు సీడీ డ్రైవరు ఏడికెల్లి తేవాలె?

నీలం పోర్టుల పెట్టిన, నల్ల పోర్టుల పెట్టిన, పెన్‌డ్రైవ్ మార్చిన. అదే మాట. బయట తగిలించే యూఎస్‌బీ డీవీడీ డ్రైవు కొంటే పని అయితదా? మాఘం ముహూర్తాలు మొదలైతే నాకు తల గోక్కునే టైం ఉండది. జర చెప్పుండ్రి.

దేవరకొండ_నెట్:

బయటి డ్రైవు వెయ్యికి అటుఇటు దొరుకుతది అన్నా, కొనేయ్. ఎప్పటికైనా పనికొస్తది. లేదంటే పెన్‌డ్రైవ్ నల్ల పోర్టుల (పాత యూఎస్‌బీ 2.0ది) పెట్టి, బయోస్‌ల (మిషన్ లేవంగనే విండోస్ కన్నా ముందు నడిచే ప్రోగ్రాం) యూఎస్‌బీ 3.0 ఆఫ్ చేసి చూడు. మా దగ్గరి పాత మిషన్లల్ల గట్లనే అయింది.

పాలమూరు_ల్యాబ్:

తమ్మీ, డ్రైవు కొనకు. పైసలు పోతయి, మెసేజ్ మాత్రం అట్లనే ఉంటది.

అసలు సంగతేందంటే, పెన్‌డ్రైవ్‌ను మొదట చదివేది బయోస్. సెటప్‌ను మెమరీలకు ఎక్కించేదాకా అంతా అదే చూసుకుంటది, అందుకే నీకు గుర్తు వచ్చింది, భాష అడిగింది. ఆ తర్వాత బయోస్ పక్కకు జరుగుతది, సెటప్ తన సొంత డ్రైవర్లతోని పెన్‌డ్రైవ్‌ను మళ్ళ వెతుక్కోవాలె. విండోస్ 7 వచ్చింది 2009ల. దాంట్ల యూఎస్‌బీ 3.0 డ్రైవరు లేదు. తనెక్కిన పెన్‌డ్రైవే దానికి కనపడదు. అది తయారైనప్పుడు అందరూ డీవీడీతోనే వేసేటోళ్ళు గనుక, కనపడకపోతే తప్పు సీడీ డ్రైవుదే అనుకొని ఆ మెసేజ్ ఇస్తది. నువ్వు యూఎస్‌బీ డీవీడీ డ్రైవు తగిలించినా అదీ అదే పోర్టు నుంచి రావాలె గద, అదీ కనపడదు.

నల్ల పోర్టు ముచ్చట పాత మిషన్లకు కరెక్టే. ఐదో తరం దాకా యూఎస్‌బీ 2.0కు వేరే కంట్రోలరు (పోర్టులను నడిపేది) ఉండె. 2015ల వచ్చిన ఆరో తరం నుంచి ఇంటెల్ దాన్ని తీసేసింది. నీ ల్యాప్‌టాప్‌ల నల్ల పోర్టు గూడ లోపల 3.0 కంట్రోలరుకే పోతది. పోర్టు రంగు చూసి మోసపోవద్దు.

విండోస్ 7 వేసుడే కావాలంటే ఒక దారి ఉంది. మా కాలేజీ ల్యాబుల పాత అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ కోసం నేను ఇదే చేసిన. విండోస్ 10 పెన్‌డ్రైవ్ తయారు చేయి. దాంట్ల 'సోర్సెస్' ఫోల్డరుల 'ఇన్‌స్టాల్ డాట్ ఈఎస్‌డీ' అని పెద్ద ఫైలు ఉంటది. దాన్ని తీసేసి, విండోస్ 7 ఐఎస్ఓల అదే ఫోల్డరుల ఉన్న 'ఇన్‌స్టాల్ డాట్ విమ్' ఫైలు తెచ్చి పెట్టు. ఇప్పుడు సెటప్ పదిది, వేసేది ఏడు. పది సెటప్‌కు యూఎస్‌బీ 3.0 పుట్టుకతోనే తెలుసు. రెండూ 64 బిట్‌వే ఉండాలె, అది మరువకు. బయోస్‌ల సెక్యూర్ బూట్ ఆఫ్, లెగసీ (పాత పద్ధతి బూట్) ఆన్ చేయి. ఎస్ఎస్‌డీ ఎన్‌వీఎంఈ అనే కొత్త రకం అయితే మాత్రం ఏడు దాన్ని గుర్తుపట్టది, ఆడికే ఆగిపో.

ఇంకొక మెలిక. వేసినంక మొదటిసారి ఏడు లేచినప్పుడు మళ్ళ యూఎస్‌బీ పోర్టులు చచ్చి ఉంటయి. ల్యాప్‌టాప్ సొంత కీబోర్డు చాలా వాటిల్ల లోపల పాత పద్ధతి వైరింగే గనుక పనిచేస్తది. మౌస్ తగిలిస్తే లైటు గూడ వెలగది. మరి ఇంటెల్ యూఎస్‌బీ 3.0 డ్రైవరును లోపలికి ఎట్ల పంపాలె? సెటప్‌ల పార్టిషన్లు చేసే కాడ డి డ్రైవు ఒకటి చేసి ఫార్మాట్ కొట్టు, షిఫ్ట్ పట్టుకొని ఎఫ్10 నొక్కు. నల్ల కిటికీ వస్తది. 'నోట్‌ప్యాడ్' అని కొట్టు. ఫైల్, ఓపెన్ అను, కింద 'ఆల్ ఫైల్స్' పెట్టు. ఆ చిన్న కిటికీలనే పెన్‌డ్రైవ్ కనపడ్తది, డ్రైవరు ఫోల్డరు మీద రైట్ క్లిక్ చేసి కాపీ, డిలకు పోయి పేస్ట్. నోట్‌ప్యాడ్‌తోని ఫైళ్ళు మోసుడేందని మా పిల్లలు నవ్విన్రు గానీ పని అయింది.

ఇంత చెప్పినంక నా మాట ఏందంటే, షాపుల నేనైతే ఇది చెయ్య. విండోస్ 7కు సెక్యూరిటీ అప్‌డేట్లు 2020 జనవరి 14తోనే ఆగిపోయినయి. నీ షాపుకు రైతులు ఆధార్ కార్డులు, పట్టా పాస్‌బుక్కులు తెస్తరు, ఎవరెవరి పెన్‌డ్రైవ్‌లో గుచ్చుతరు, అదే మిషన్‌ల నువ్వు భూభారతి తెరుస్తవ్, బ్యాంకు గూడ తెరుస్తవ్. పేజ్‌మేకర్ కోసం ఏడు కావాలంటే దాన్ని వర్చువల్‌బాక్స్‌ల (ఒక విండోస్ లోపల ఇంకో మిషన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టుకో. అండ్ల సీడీ గొడవే లేదు. ఐఎస్ఓ ఫైలును డ్రైవుల డీవీడీ పెట్టినట్టే తగిలిస్తది, ఏడు నిజం డీవీడీ అనుకొనే ఎక్కుతది.

నల్లగొండ_సార్:

పైన చెప్పింది నిజం. మా బడి ల్యాబులో డీవీడీ డ్రైవులన్నీ సుద్దముక్కల పొడితో ఎప్పుడో మూతపడ్డాయి. అన్నిటికీ పెన్‌డ్రైవ్‌తోనే లినక్స్ మింట్ (విండోస్ బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టం) వేశాను. వెంటాయ్ అని ఒకటి ఉంది, దాన్ని పెన్‌డ్రైవ్‌లో ఒకసారి వేస్తే చాలు, తర్వాత ఐఎస్ఓ ఫైళ్ళు మామూలుగా కాపీ చేసి పడేయడమే. బూట్ చేసినప్పుడు ఏది కావాలో పట్టీ చూపించి అడుగుతుంది. కొత్తది వచ్చినప్పుడల్లా పెన్‌డ్రైవ్ ఫార్మాట్ కొట్టే బాధ ఉండదు. విండోస్ 7 ఐఎస్ఓ పెట్టినా ఎక్కిస్తుంది గానీ, యూఎస్‌బీ 3.0 చిక్కు అక్కడా అంతే.

ఇంకొక సంగతి. మీ ఆరో తరం ప్రాసెసర్ విండోస్ 11 అధికారిక జాబితాలో లేదు, ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే తీసుకుంటున్నారు. విండోస్ 10కు మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. పొడిగింపు అప్‌డేట్లకు మన మిషన్‌ను నమోదు చేసుకుంటే ఇంకో ఏడాది వస్తాయి. మింట్ 22కైతే 2029 దాకా అప్‌డేట్లు ఉన్నాయి. కింద మింట్, పైన వర్చువల్‌బాక్స్‌లో మీ ఏడు పెట్టుకుంటే 8 జీబీ ర్యామ్ సరిపోతుంది.

దేవరకొండ_నెట్:

సార్, డీటీపీ వాళ్ళకు మింట్ అంటే ప్రింటరు కాడ కొట్లాట అయితది. పేజ్‌మేకర్ 7 విండోస్ 10 మీద గూడ నడుస్తది, 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్' కొట్టాలె గంతే. మా పక్క షాపాయన గట్లనే నడిపిస్తుండు.

నల్లగొండ_సార్:

నడిస్తే మంచిదే. ప్రింటరు మాట మాత్రం మోడల్‌ను బట్టి. మా హెచ్‌పీ లేజర్ ఏ డ్రైవరూ అడగకుండానే వచ్చింది.

కల్వకుర్తి_డీటీపీ:

డీవీడీ డ్రైవు కొనలే, మీ పుణ్యమాని. విండోస్ 10 పెన్‌డ్రైవ్‌తోని ఎక్కింది, ఏ డ్రైవరూ అడగలే. పొడిగింపుకు నమోదు గూడ చేసిన. పేజ్‌మేకర్ అండ్లనే వేసి చూసిన, తెరుచుకుంది గానీ పాత పీఎండీ (పేజ్‌మేకర్) ఫైలు తీస్తే శుభలేఖ మొత్తం ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, బ్రాకెట్లు. పెండ్లికొడుకు పేరు కాడ డాలరు గుర్తు. అను ఫాంట్లు వేసినంక తెలుగు వచ్చింది, కొన్ని ఒత్తులు మాత్రం జరిగి కనపడుతున్నయి. ముహూర్తాల టైంల ఒత్తులు జరిగితే ఇంటిపేరే మారిపోతది, అందుకే వర్చువల్‌బాక్స్‌ల ఏడు గూడ వేద్దామని కూసున్న. అండ్ల కొత్త మిషన్ చేస్తుంటే విండోస్ 7 32 బిట్ ఒక్కటే చూపిస్తుంది, నా డీవీడీ 64 బిట్‌ది. ల్యాప్‌టాప్ 64 బిట్‌దే గద?

పాలమూరు_ల్యాబ్:

64 బిట్‌దే. బయోస్‌ల వర్చువలైజేషన్ ఆఫ్‌ల ఉంది. వీటీ-ఎక్స్ అనో, ఇంటెల్ వర్చువలైజేషన్ టెక్నాలజీ అనో ఉంటది, ఎనేబుల్ చేసి సేవ్ కొట్టు. ఏడుకు 3 జీబీ ర్యామ్ ఇయ్యి, ఎక్కువ ఇస్తే పైనున్న పది ఈడుస్తది. వేసినంక ఏడు లోపల గెస్ట్ అడిషన్స్ (వర్చువల్‌బాక్స్ ఇచ్చే డ్రైవర్లు) వెయ్యి, పదికి ఏడుకు రెండింటికీ కనపడే షేర్డ్ ఫోల్డరు ఒకటి చేసుకో. పేజ్‌మేకర్‌ల తయారైన పీడీఎఫ్ ఆ ఫోల్డరుల పడితే ప్రింటు పది నుంచే ఇయ్యొచ్చు, ఏడుల ప్రింటరు డ్రైవరుతోని పనే లేదు. ఏడు ఇంటర్నెట్ ఎక్కకుండ వర్చువల్‌బాక్స్ సెట్టింగుల నెట్‌వర్క్ అడాప్టరు టిక్కు తీసెయ్యి.

కల్వకుర్తి_డీటీపీ:

64 బిట్ వచ్చిందన్నా. ఏడు ఎక్కుతుంది, డీవీడీ డ్రైవు గుర్తు గూడ చూపిస్తుంది. ఒత్తులు సరిగ్గ ఉన్నయా లేవా ఫాంట్లు వేసినంక చెప్త.