26 గేజీ, ఇంకా సన్న వైర్లకి ఏ స్ట్రిప్పర్ కొనాలి?

రాజాం_రిపేరు: ఈ-బైక్ హబ్ మోటారులో హాల్ సెన్సార్ (అయస్కాంతాన్ని పసిగట్టి చక్రం ఎక్కడుందో చెప్పేది) వైర్లు ఐదు, ఒక్కోటి సుమారు 28 ఏడబ్ల్యూజీ (అమెరికా గేజీ, అంకె పెరిగితే వైరు సన్నం). ఆటోమేటిక్ స్ట్రిప్పర్‌తో తోలు (పైన ప్లాస్టిక్) తీస్తుంటే లోపలి సన్న తీగల్లో నాలుగైదు పోగులు తెగిపోతున్నాయి. ఏది కొనాలి?

విజీనగరం_ప్యానెల్: ఆటోమేటిక్‌ది ప్యానెల్ పనికి, 0.5 చదరపు మి.మీ. పైన బాగుంటది. డబ్బా మీద 0.2 నుంచి అని రాసినా, అంత సన్న వైరుకి దవడ పట్టు సరిపోదు. స్క్రూ బిగిస్తే తోలు నలుగుద్ది, వదులు చేస్తే వైరు జారుద్ది. మీకు కావలసింది గుండ్రటి రంధ్రాలున్న చిన్న ప్లయర్, 20 నుంచి 30 ఏడబ్ల్యూజీది. స్క్రూతో సర్దుకునే వీ-గాడి రకం వద్దు. వీ అంచులు రెండు పక్కలే నొక్కుతాయి, పోగు గీసుకుపోద్ది.

గేజీ_మాస్టారు: గేజీ దగ్గరే ఎక్కువమంది తప్పుతారు. షాపులో 7/36 అంటే 36 ఎస్‌డబ్ల్యూజీ (బ్రిటిష్ గేజీ) పోగులు ఏడు, ఒక్కోటి 0.193 మి.మీ. ప్లయర్ మీద ఉండేది ఏడబ్ల్యూజీ. 7/36 రాగి విస్తీర్ణం 0.2 చదరపు మి.మీ., అంటే 24 ఏడబ్ల్యూజీకి సమానం. అయినా సాలిడ్ (ఒంటి తీగ) 24 రంధ్రంలో పెట్టకండి. ఆ రంధ్రం 0.51 మి.మీ. తీగకి చేసింది, ఈ ఏడు పోగుల కట్ట అడ్డంగా 0.58 ఉంటది. బయటి పోగులు కోసుకుపోతాయి. సాలిడ్ 22 గుర్తు (0.64) దగ్గర పెట్టండి. ప్లయర్ మీద సాలిడ్‌కీ పోగులకీ రెండు వరసల అంకెలుంటే పోగుల వరస చూడండి.

రాజాం_రిపేరు: ఇదేటి మాస్టారూ, నేను సాలిడ్ వరసే చూసేవాడిని!

టంకం_బాబు: లాగే పద్ధతి కూడా చెప్పాలి. నొక్కి పట్టి, వైరుని లాగొద్దు. బొటనవేలితో ప్లయర్ ముక్కుని పక్కకి తోసి తోలుని జరపండి. పూర్తిగా ఊడదీయకుండా చివర 2 మి.మీ. ఉంచి, ఆ ముక్కని వేళ్లతో తిప్పితే పోగులు వాటంతటవే మెలిపడతాయి. అప్పుడు తీసేయండి. టంకానికి 4-5 మి.మీ. చాలు, ఎక్కువ కావాలంటే రెండు విడతల్లో తియ్యండి.

ముందు చెత్త వైరు మీద పది ముక్కలు తీసి లూపుతో (చిన్న భూతద్దం) చూడండి. పోగు చుట్టూ మెరిసే సన్న గీత కనిపిస్తే రంధ్రం చిన్నదయిందన్నమాట. ఆ గీత దగ్గరే వైరు విరుగుద్ది, అదీ మోటారు అదురులో, బిగించిన నెల తరవాత.

విజీనగరం_ప్యానెల్: హాల్ వైరు తోలు టెఫ్లాన్ అయితే వేరే సంగతి. జారుద్ది, గట్టిగా ఉంటది. కొత్త పదునున్న బ్లేడు కావాలి, లేదా వేడి స్ట్రిప్పర్. వేడిది వాడితే కిటికీ తీసి, పొగకి ముఖం పక్కకి పెట్టండి. వేడెక్కువైన టెఫ్లాన్ పొగ ఊపిరితిత్తులకి చెడ్డది. సిలికాన్ తోలు తెగకుండా సాగుద్ది, దానికి మొద్దు బ్లేడు అసలు పనికిరాదు.

సీసీ_కెమెరా_శీకాకుళం: చవక కేబుల్లో పోగులు తెగితే ప్లయర్‌ని తిట్టొద్దు. పోగుని బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా ఉంటే రాగి పూసిన అల్యూమినియం, అది రెండు వంపులకే విరుగుద్ది. పైన తెల్లగా, గీకితే ఎర్రగా ఉంటే తగరం పూసిన రాగి, దానికి భయం లేదు.

టంకం_బాబు: ఎనామిల్ తీగకి (మోటారు చుట్టలో ఉండే, వార్నిష్ లాంటి పూత ఉన్న రాగి) మాత్రం స్ట్రిప్పర్ వద్దు. సన్న గరుకు కాగితం వాడండి. పాలియూరిథేన్ పూత అయితే 390-400 డిగ్రీల ఐరన్ మీద టంకం బొట్టులో ముంచితే అదే కాలిపోద్ది.

గేజీ_మాస్టారు: కళింగపట్నం వైపు ఉప్పుగాలికి దవడ తుప్పు పడుద్ది. కీలుకి కుట్టుమిషన్ నూనె ఒక చుక్క. అంచులకి మాత్రం తుడిచేయండి, నూనె అంటిన రాగి మీద టంకం పట్టదు.

రాజాం_రిపేరు: నా 28 పోగుల వైరుని కూడా అలాగే ఒక మెట్టు పెద్దదైన సాలిడ్ 26 గుర్తు దగ్గర పెట్టి చూశా, పది ముక్కల్లో తొమ్మిది బాగున్నాయి. పదోది నేను లాగేశా.