43 అంగుళాల టీవీని కంప్యూటర్ తెరగా వాడితే ఎర్ర అక్షరాలు అలుక్కుపోతున్నాయి

తెనాలి కూర్పరి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. తెనాలిలో ముప్పయ్యేళ్ళుగా పుస్తకాల డీటీపీ పని చేస్తున్నాను. వయసు 58, చత్వారం ముదిరింది. ఇన్నాళ్ళూ 22 అంగుళాల మానిటరు మీదే పేజీలు కట్టాను. ఈ మధ్య మా అబ్బాయి ఇంట్లోకి కొత్త టీవీ కొని, పాత 43 అంగుళాల 4కే ఎల్ఈడీ టీవీని తెచ్చి, “అక్షరాలు పెద్దగా కనబడతాయి నాన్నా” అంటూ నా బల్ల మీద పెట్టి వెళ్ళాడు.

తీరా చూస్తే అక్షరాలు పెద్దవి కాలేదు సరికదా, తెర అంచులు తెగిపోయి అడుగున టాస్క్‌బారు సగమే కనబడుతోంది. మౌస్ కదిపితే బాణం గుర్తు ఒక క్షణం ఆలస్యంగా, ఈడ్చుకుంటూ వస్తోంది. అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది ఏమిటంటే, నల్ల అక్షరాలు పరవాలేదు గాని, ప్రూఫు దిద్దుబాట్లను ఎర్ర రంగులో పెడితే అవి అలుక్కుపోయి, ‘బాధ’ అని ఉందో ‘బాద’ అని ఉందో తేల్చుకోలేకపోతున్నాను. కంప్యూటరులో నాలుగో తరం ఇంటెల్ ప్రాసెసరు ఉంది, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. వెనక తెర తీగ తగిలించే పోర్టులు మూడు, అంటే ఒక హెచ్‌డీఎంఐ, ఒక డిస్‌ప్లే పోర్టు, ఒక వీజీఏ ఉన్నాయి. టీవీని హెచ్‌డీఎంఐకి తగిలించాను. టీవీదే లోపమా? 55 అంగుళాలది తీసుకుంటే బాగుపడుతుందా?

తీగలమనిషి:

కూర్పరి గారూ, టీవీలో లోపం ఉన్నట్టు నాకు తోచడం లేదు. తనకు అందుతున్నది సినిమా అనుకుని అది తన పని తాను చేసుకుపోతోంది, అంతే.

మొదట అంచుల సంగతి. పాత గాజుబుడ్డి టీవీల కాలంలో బొమ్మ అంచులు నమ్మదగినవిగా ఉండేవి కావు కనుక, బొమ్మను కొంచెం పెద్దది చేసి అంచులను చట్రం వెనక దాచేవారు. ఆ అలవాటు ఎల్ఈడీ టీవీలకూ వచ్చింది. బొమ్మ పరిమాణం మెనూలో ఎల్‌జీ వారు జస్ట్ స్కాన్ అనీ, సోనీ వారు ఫుల్ పిక్సెల్ అనీ పిలిచే అమరిక ఉంటుంది. మీ టీవీలో దాని పేరు ఏదైనా కావచ్చు, కంప్యూటరు పంపిన ఒక్కో చుక్క తెర మీద ఒక్కో చుక్కగా పడేటట్టు చేయడమే దాని పని.

ఎర్ర అక్షరాల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మన కన్ను వెలుగు తేడాలను పట్టినంత సూక్ష్మంగా రంగు తేడాలను పట్టలేదు. అందుకని వీడియోలో వెలుగు సమాచారాన్ని ప్రతి చుక్కకూ ఉంచి, రంగు సమాచారాన్ని మాత్రం రెండు చుక్కలకో నాలుగు చుక్కలకో ఒకటి చొప్పున సరిపెడతారు. ప్రతి చుక్కకూ రంగు ఉంటే 4:4:4 అనీ, రెండింటికి ఒకటైతే 4:2:2 అనీ, నాలుగింటికి ఒకటైతే 4:2:0 అనీ అంటారు. సినిమాలో ముఖాలకూ చెట్లకూ ఈ పొదుపు కనబడదు. తెల్ల కాగితం మీది నల్ల అక్షరానికి వెలుగు తేడా ఒక్కటే చాలు కనుక దానికీ నష్టం లేదు. ఎర్ర అక్షరమైతే రంగు పక్క చుక్కలకు పాకుతుంది, ‘ధ’ అడుగున ఉండే చిన్న గీత వంటివి ముందుగా పోతాయి. కంప్యూటరు 4:4:4 పంపినా చాలా టీవీలు లోపల దాన్ని తగ్గించేస్తాయి. టీవీ మెనూలో, కంప్యూటరు తగిలించిన ఇన్‌పుట్ పేరును ‘పీసీ’ అని మార్చితే ఆ తగ్గింపు మానేసే టీవీలు చాలా ఉన్నాయి. పేరు మార్చడమే మందు అంటే నవ్వులాటగా ఉంటుంది గాని, ప్రయత్నించి చూడండి.

అదే చేత్తో షార్ప్‌నెస్‌ను కూడా తగ్గించండి. చాలా టీవీల్లో సున్నా దగ్గర, సోనీ టీవీల్లో 50 దగ్గర అది తటస్థంగా ఉంటుంది. ఎక్కువ పెడితే అక్షరం చుట్టూ తెల్లని అంచు ఏర్పడి ఒత్తులు ఒకదానికొకటి అతుక్కున్నట్టు కనబడతాయి.

నాలుగు కిటికీలు:

పై సమాధానంతో ఏకీభవిస్తూ, అక్షరాలు ఎందుకు పెద్దవి కాలేదో చెబుతాను. 22 అంగుళాలని పిలిచే మానిటర్లలో చాలావాటి కొలత నిజానికి 21.5 అంగుళాలు, చుక్కలు 1920×1080. 4కే టీవీలో చుక్కలు 3840×2160. కొలతా రెట్టింపే, చుక్కలూ అటూ ఇటూ రెట్టింపే కనుక, అంగుళానికి పడే చుక్కలు రెండింటిలోనూ 102 దాకా ఉంటాయి. అంటే మీకు దక్కింది భూతద్దం కాదు, మీ పాత మానిటర్లు నాలుగింటిని మధ్యలో చట్రాలు లేకుండా అతికించిన బల్ల. విండోస్ అమరికల్లో స్కేల్‌ను 125 శాతమో 150 శాతమో చేసుకుంటే అక్షరాలు పెరుగుతాయి, అప్పటికీ మునుపటికన్నా ఎక్కువ చోటే మిగులుతుంది. తెర వెడల్పు 95 సెంటీమీటర్లు కనుక నాలుగు ఏ4 పేజీలు అసలు కొలతలో పక్కపక్కనే పడతాయి. పేజీలు కట్టేవారికి ఇంతకన్నా సుఖం ఏముంటుంది?

55 అంగుళాల 4కే టీవీలో అంగుళానికి 80 చుక్కలే. అదే దూరంలో కూర్చుంటే అక్షరాల మెట్లు కనబడతాయి. వెనక్కి జరిగితే పెద్ద తెర కొన్న ప్రయోజనం పోతుంది. ఇక 32 అంగుళాల చవక టీవీల్లో చాలావాటికి 1366×768 చుక్కలే ఉంటాయి, అంటే అంగుళానికి 49. వాటి జోలికి అసలు వెళ్ళవద్దని చూసేవారందరికీ మనవి.

మౌస్ ఆలస్యానికి కారణం మీ హెచ్‌డీఎంఐ. నాలుగో తరం ఇంటెల్ కంప్యూటర్లలో అది 1.4 రకం, 4కే బొమ్మను సెకనుకు 30 సార్లకు మించి మార్చలేదు. 60 సార్లు కావాలంటే 2.0 రకం ఉండాలి. మీ డిస్‌ప్లే పోర్టు 1.2 రకమే అయి ఉంటుంది కనుక 60 సార్లు పంపగలదు. దాని నుంచి హెచ్‌డీఎంఐ 2.0కు మార్చే ‘యాక్టివ్’ అడాప్టరు కొనండి. చవకగా దొరికే పాసివ్ రకం మళ్ళీ 30 దగ్గరే ఆగుతుంది. గ్రాఫిక్స్ కార్డు వేయించాలనుకుంటే జీటీ 1030 చాలు. జీటీ 710 మాత్రం వద్దు, దాని హెచ్‌డీఎంఐ కూడా 1.4 రకమే.

తెనాలి కూర్పరి:

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇన్‌పుట్ పేరు ‘పీసీ’ అని మార్చగానే అంచులు సర్దుకున్నాయి, ఎర్ర అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి. స్కేల్ 125 శాతం పెట్టుకున్నాను. ఆ ఉత్సాహంలో యాక్టివ్ అడాప్టరు తెప్పించి తగిలించాను. మౌస్ చక్కగా పరుగెడుతోంది. అయితే ఎర్ర అక్షరాలు మళ్ళీ మొదటికి వచ్చాయి! 30కి తగ్గిస్తే బాగుంటాయి, 60కి పెంచితే అలుక్కుపోతాయి.

తీగలమనిషి:

ఇది నేను ముందే చెప్పవలసిన మాట, పొరపాటు నాది. 4కే బొమ్మను సెకనుకు 60 సార్లు, పూర్తి రంగుతో పంపాలంటే 2.0 రకం తీగ సెకనుకు మోయగలిగిన 18 గిగాబిట్లు దాదాపు అన్నీ ఖర్చవుతాయి. పాత పరికరాలతో పేచీ రాకుండా చాలా టీవీలు తమ పోర్టును మొదట తక్కువ స్థాయిలోనే ఉంచుతాయి. ఆ స్థాయిలో 60 అడిగితే రంగును 4:2:0కు కుదించి ఇవ్వడం తప్ప దారి లేదు. టీవీ అమరికల్లో ఆ పోర్టుకు పూర్తి స్థాయిని తెరవాలి. దాన్ని శాంసంగ్ వారు ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్ అనీ, ఎల్‌జీ వారు హెచ్‌డీఎంఐ అల్ట్రా హెచ్‌డీ డీప్ కలర్ అనీ, సోనీ వారు ఎన్‌హాన్స్‌డ్ ఫార్మాట్ అనీ అంటారు. కొన్ని టీవీల్లో ఈ సదుపాయం ఒకటి రెండు పోర్టులకే ఉంటుంది కనుక పోర్టు మార్చి కూడా చూడండి. పోర్టు మారిస్తే ‘పీసీ’ పేరు మళ్ళీ పెట్టడం మరవకండి. తెర ఆరుతూ వెలుగుతూ ఉంటే మాత్రం తీగ నాసిరకమని అర్థం.

మెడనొప్పి బాధితుడు:

అందరూ తీగల గురించే మాట్లాడుతున్నారు కనుక శరీరం గురించి ఒక మాట. నేను 55 అంగుళాల టీవీ పెట్టుకుని ఆరు నెలలు పనిచేసి మానుకున్నాను. పై అంచు నా తలకన్నా జానెడు ఎత్తున ఉండేది, మెనూ నొక్కిన ప్రతిసారీ తల ఎత్తవలసి వచ్చేది. 43 అంగుళాల తెర కూడా 53 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. స్టాండు తీసేసి, గోడకు బిగించే చేతితో తెరను బల్ల అంచు దాకా దించితేనే పై అంచు కంటి మట్టానికి దగ్గరవుతుంది. మీ కంటికీ తెరకూ మధ్య మూడు అడుగులన్నా ఉంచండి. ఆ దూరానికి చదువుకునే కళ్ళద్దాలు సరిపోవు, కంటి వైద్యుడికి దూరం కొలిచి చెప్పి అద్దాలు రాయించుకోండి. నాకు సగం తలనొప్పి అక్కడే పోయింది.

వెలుగు కూడా తగ్గించుకోవాలి. హాలులో సోఫా దాకా చేరడానికి పెట్టిన వెలుగు అది, మూడడుగుల్లో కూర్చున్నవాడికి దీపస్తంభం ముందు కూర్చున్నట్టే. అయితే కొన్ని టీవీలు వెలుగు తగ్గించడానికి దీపాన్ని వేగంగా ఆర్పి వెలిగిస్తాయి, ఆ మిణుకు కొందరి కళ్ళకు పడదు. ఫోన్ కెమెరాలో చూస్తే తెర మీద చారలు పాకుతూ కనబడవచ్చు.

తెనాలి కూర్పరి:

పోర్టు పూర్తి స్థాయి తెరిచాను, 60 దగ్గరే ఎర్ర అక్షరాలు నిలిచాయి. ‘బాధ’ బాధగానే ఉంది. పాత మానిటరును నిలువుగా పక్కన పెట్టి రచయిత రాతప్రతి దాని మీద చూసుకుంటున్నాను. రోజూ రిమోటు వెతుక్కుని టీవీ వెలిగించడం, కంప్యూటరు నిద్రపోతే ‘సిగ్నల్ లేదు’ అనే పలక తేలుతూ తిరగడం మాత్రం తప్పడం లేదు. గోడకు బిగించే చేయి కోసం రేపు బజారుకు వెళ్తున్నాను. టీవీ వెనక నాలుగు రంధ్రాలు 20 సెంటీమీటర్ల ఎడంలో ఉన్నాయి, ఆ కొలత చెబితే చాలు కదా?

మెడనొప్పి బాధితుడు:

చాలు, దాన్నే 200 బై 200 అంటారు. టీవీ బరువు కూడా చెప్పండి, మేకులు పట్టే గోడేనా అన్నది ముందు తట్టి చూసుకోండి.