అప్‌డేట్: నాన్నగారు రాత్రి నిద్రపోతున్నారు

పాంక్రియాస్ (క్లోమం) క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ వాడితే నాన్నగారికి అలవాటైపోతుందేమోనని పోయిన నెల అడిగాను కదండీ. అమలాపురం నుంచి కాకినాడ తీసుకెళ్లి పెయిన్ డాక్టరుగారికి చూపించాం. కణితి వెనకున్న నరాల గుంపును నొక్కుతోందట. అందుకే పొట్ట పైభాగాన మొదలై వీపులోకి పొడిచేది. ఒళ్లో దిండు పెట్టుకుని ముందుకు వంగి కూర్చుంటేనే కాస్త నయంగా ఉండేది.

మార్ఫిన్ 4 గంటలకోసారి ఇస్తున్నాం, నొప్పి వచ్చేదాకా ఆగకుండా టైముకి. విరేచనం సాఫీగా అవడానికీ మందు తప్పనిసరి; మొదటి వారం అది వేయక చాలా అవస్థపడ్డారు. నొప్పి లొంగకపోతే ఆ నరాలకి ఆల్కహాల్ ఇంజక్షన్ ఉందన్నారు. అలవాటవుతుందని భయపడి మార్ఫిన్ మొదలుపెట్టడానికి నేను చేసిన ఆలస్యం మాత్రం ఇప్పటికీ మనసులో మెలిపెడుతోంది.

నిన్న సాయంత్రం అరుగు మీద కూర్చుని కొబ్బరి దింపు కాయలు తనే లెక్కపెట్టించారు.