చర్చ: ప్రాథమిక తరగతుల చరిత్ర పటాల్లో నేటి దేశ సరిహద్దు ఉండాలా, వద్దా?

సుద్దముక్క:
రెండువేల ఏళ్ల కిందటి రాజ్యం పటం కింద నేటి సరిహద్దును లావు గీతతో అచ్చువేస్తారు. రాజ్యమేమో ఆ గీతలో ఇమడదు. ఒక పక్క బయటికి పొంగుతుంది, ఇంకో పక్క సగం ఖాళీ. ఎనిమిదేళ్ల పిల్లకు ఎక్కేది మాత్రం ఒక్కటే: దేశం మొదట్నుంచీ ఈ ఆకారంలోనే ఉంది, రాజులే వచ్చిపోయారు. గీత తీసేయాలి. నదులు, కొండలు, పాత పట్టణాలు చాలు.

పటాలపిచ్చి:
తీసేస్తే తానెక్కడుందో పిల్లకెలా తెలుస్తుందండీ? పటం చదవడం నేర్పేది తెలిసిన చోటి నుంచే. బూడిదరంగు చుక్కల గీత వేసి, సూచికలో ‘నేటి సరిహద్దు’ అని రాస్తే సరి.

సుద్దముక్క:
రెండు రంగుల అచ్చులో, పల్చటి కాగితం మీద బూడిద చుక్కలు నిలవవు. మాయమన్నా అవుతాయి, నదిలో కలిసన్నా పోతాయి. సూచిక వైపు ఆ వయసులో ఎవరూ చూడరు. నేటి పటాన్ని పక్కనే విడిగా వేయండి, అదే స్కేలులో. చోటు చాలదని దాన్ని కుదించారో, ఏది పెద్దదన్న లెక్క తప్పుతుంది.

వెనకబెంచీ:
పరీక్షలో వచ్చేది ‘ఖాళీలు పూరించండి’. పటం ఎవరిక్కావాలి?

గడియారం:
గీత కంటే కాలరేఖ ఎక్కువ చెడగొడుతుంది. నూరేళ్లకు 1 సెంటీమీటరు చొప్పున గీస్తే 2,000 ఏళ్లకు 20 సెంటీమీటర్లు. ఎదురెదురు పేజీల్లో హాయిగా పడుతుంది. అప్పుడు చివరి నూరేళ్లకు దక్కేది 1 సెంటీమీటరే. అది నచ్చక, స్కేలు వదిలేసి చివరి ముక్కను సాగదీస్తారు. ముందున్నదంతా దానికి ఉపోద్ఘాతంలా కనిపిస్తుంది.

పటాలపిచ్చి:
కాలరేఖకు వేరే చర్చ పెట్టుకోండి. ఒక గీతతో పిల్లల మనసు మారిపోతుందా అన్నదే నా ప్రశ్న.

సుద్దముక్క:
1871లో సరిహద్దు ప్రాంతం అల్సాస్-లొరేన్ జర్మనీకి పోయాక ఫ్రాన్సు బడి పటాల్లో ఆ ముక్కకు వేరే రంగు వేసి చూపేవారు. 1914లో యుద్ధానికి వెళ్లింది ఆ పటాల ముందు కూర్చున్న తరమే. ఊరికే వేశారంటారా?

పటాలపిచ్చి:
అదీ సంగతి! మీ పేచీ గీతతో కాదు, దేశంతో. ‘ఇది నాది’ అన్న భావం ముందు రావాలి, ప్రశ్నలు పదమూడేళ్లప్పుడు అడుగుతారు. ఫ్రాన్సు, జర్మనీ కలిసి 2006లో ఉమ్మడి చరిత్ర పుస్తకం తెచ్చినప్పుడు కూడా పై తరగతులకే తెచ్చాయి, చిన్నపిల్లలకు కాదు.

సుద్దముక్క:
దేశద్రోహి అనే మాట ఒక్కటే మిగిలింది, అదీ అనేయండి. ముందు నమ్మించి తర్వాత సరిదిద్దుదామంటే ఏమవుతుందో జపాన్‌లో చూశారు. 1945లో పిల్లలు తమ పుస్తకాల్లో తామే వాక్యాలను సిరాతో నల్లగా పూశారు. నిన్నటి దాకా గట్టిగా చదివించిన టీచరే ఏ వరస కొట్టేయాలో చెప్పారు.

పటాలపిచ్చి:
ఓడిన దేశం. గెలిచినవాళ్లు చేయించారు.

సుద్దముక్క:
కాదు. సెప్టెంబరులో ఆ ఆదేశమిచ్చింది జపాన్ విద్యాశాఖే. ఆక్రమణ అధికారులు చరిత్ర, భూగోళం, నీతి పాఠాలను ఆపించింది డిసెంబరు 31న.

వెనకబెంచీ:
ఇద్దరూ పిల్లల్ని మర్చిపోయారు 🙂

గడియారం:
మధ్యేమార్గం ఒకటుంది. పాత పటంలో గీత వద్దు. నేటి సరిహద్దును ట్రేసింగ్ పేపరు మీద అచ్చువేసి పైఅంచున అతికించండి. పిల్ల దాన్ని దించి చూస్తుంది, ఎత్తి చూస్తుంది. రెండు మూలల్లో గుర్తులు కలవాలి, లేకపోతే బైండింగులో పక్కకు జరుగుతుంది.

సుద్దముక్క:
నాకు సమ్మతమే.

పటాలపిచ్చి:
ఎందుకు కాదు? ఆ కాగితం నెల తిరక్కుండా చిరుగుతుంది. మిగిలేది గీత లేని పటం. మీరు మొదట అడిగింది అదేగా.